కరెంటు తీగ వెంట ఇంటర్నెట్టు



ఒక చిన్న ఇంటి సమస్య గురించీ, దానికి ఉన్న ఒక ఉపాయం గురించీ ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను.

మన ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో రాతితో కట్టిన పాత ఇళ్ళు మీకు కొత్త కాదు. వీధివైపు తిన్నె, లోపల పడసాల, దాని వెనక ఒకటి రెండు గదులు, వంటిల్లు, ఆ వెనక పెరడు. గోడ ఒక్కొక్కటి మూరెడు మందం ఉంటుంది. ఎండాకాలంలో మనకు చల్లగా ఉండేది ఆ గోడల పుణ్యమే. అయితే వైఫై తరంగాలను అడ్డుకునేవి కూడా ఆ గోడలే. పడసాలలో ఇంటర్నెట్ పెట్టె ఉంటుంది, పక్కన కూర్చున్నవారికి బ్రహ్మాండంగా వస్తుంది. రెండు గోడలు దాటి వెనక గదికి వెళ్ళేసరికి అది నీరసించిపోతుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. నేను పడసాలలో నా బల్ల దగ్గర కూర్చొని పిల్లలకు ఫోనులో పాఠాలు చెప్పేవాణ్ణి. పెట్టె కూడా అక్కడే ఉండేది. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. దాని పాఠం, నా పాఠం ఒకే గదిలో కుదరవు కాబట్టి అది వెనక గదికి వెళ్ళేది. లెక్క సగంలో ఉండగా అక్కడ తెర ఆగిపోయేది. కొన్నాళ్ళు చూసి, ఒకనాడు పుస్తకం పట్టుకొని వీధి తిన్నె మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళ మధ్య, ఎండలో, చెవిలో వేలు పెట్టుకొని పాఠం వింటోంది. ఊరికంతా పాఠాలు చెప్పే వాడి ఇంట్లో బిడ్డకు పాఠం అందలేదు. అది చూసి నాకు సిగ్గువేసింది.

అప్పుడు మా అమ్మ అడిగింది: "ఆ గదిలో లైటు వెలుగుతోంది కదరా, కరెంటు వచ్చిన దారిలోనే నీ ఇంటర్నెట్టు రాదా?" అందరం నవ్వేశాం. తరువాత ఒక పాత విద్యార్థిని అడిగితే, "అవ్వ అడిగింది నిజమే సార్, అలాంటి పరికరం ఉంది" అన్నాడు. నవ్విన నేనే నోరు మూసుకోవలసి వచ్చింది.

ఆ పరికరాన్ని పవర్‌లైన్ అడాప్టర్ అంటారు. జతగా అమ్ముతారు. ఒకదాన్ని ఇంటర్నెట్ పెట్టె పక్కనున్న ప్లగ్గులో పెట్టి, రెంటినీ చిన్న కేబుల్‌తో కలపాలి. రెండోదాన్ని వెనక గది ప్లగ్గులో పెట్టాలి. మధ్యలో కొత్త తీగ లాగనక్కరలేదు, గోడ తొలవనక్కరలేదు. ఇంట్లో ఇదివరకే ఉన్న కరెంటు వైరింగే దారి.

అదెలా సాధ్యం అంటారా? మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు కంపిస్తుంది. ఈ పరికరం అదే తీగ మీదికి సెకనుకు ఇరవై లక్షలసార్లకు పైగా, అంటే 2 మెగాహెర్ట్‌జ్‌కు పైన, కంపించే సన్నని సంకేతాన్ని ఎక్కిస్తుంది. జాతరలో డోలు మోత, నాదస్వరం పాట ఒకే గాలిలో వస్తాయి. అయినా మన చెవి దేనికది వేరుచేసి వింటుంది కదా! అలాగే అవతలి పరికరం మోటుగా వచ్చే కరెంటును పక్కకు పెట్టి, సన్నని సంకేతాన్ని మాత్రం ఏరుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. పెద్ద సబ్‌స్టేషన్లలో హైటెన్షన్ లైను లోపలికి వచ్చేచోట పీపాలాంటి తీగచుట్టలు కనిపిస్తాయి. వాటిని వేవ్ ట్రాప్ అంటారు. విద్యుత్ సిబ్బంది సబ్‌స్టేషను నుంచి సబ్‌స్టేషనుకు మాట్లాడుకోవడానికి, లైనులో లోపం వస్తే వెంటనే కబురు అందడానికి ఆ హైటెన్షన్ తీగనే వాడుకునే పద్ధతి ఎన్నో దశాబ్దాల నుంచి ఉంది. ఆ సంకేతం పక్కదారి పట్టకుండా ఆపేది ఆ తీగచుట్టే. ఇళ్ళకోసం 2000లో కొన్ని కంపెనీలు హోమ్‌ప్లగ్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. 2001లో వచ్చిన వారి మొదటి ప్రమాణంలో వేగం సెకనుకు 14 మెగాబిట్లు. 2005 నాటికి అది 200 అయింది. 2010లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 1901 అనే అంకెతో దీనికి ఒక ప్రమాణాన్ని ప్రకటించింది.

ఇక నేను చేసిన పొరపాటు వినండి. జత కొని తెచ్చి, రెండోదాన్ని వెనక గదిలో ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించాను. ఏమీ రాలేదు. డబ్బు దండగైందని ఒక పూట బాధపడ్డాను. ఆ బోర్డు స్పైక్ బస్టర్ రకం. కరెంటులోని అలజడిని ఆపడం దాని పని. మన సంకేతం కూడా దానికి అలజడిలాగే కనబడుతుంది, ఆపేస్తుంది. పరికరాన్ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టగానే దీపం వెలిగింది, పాఠం వచ్చింది. కాబట్టి మొదటి మాట: ఎప్పుడూ గోడ ప్లగ్గులోనే పెట్టండి. యూపీఎస్‌కు తగిలించకండి. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో దానికి కొన్ని ప్లగ్గుల లైను విడిగా వేసి ఉంటుంది. రెండు పరికరాలూ ఒకే లైనులో ఉండేలా చూసుకోండి.

రెండో మాట. చిన్న ఇళ్ళకు సింగిల్ ఫేజు సరఫరా ఉంటుంది, అక్కడ ఇబ్బంది తక్కువ. త్రీ ఫేజు ఉన్న ఇంట్లో పడసాల ఒక ఫేజు మీద, వెనక గది మరో ఫేజు మీద ఉంటే సంకేతం బాగా తగ్గిపోతుంది, ఒక్కోసారి అసలు అందదు. ఏ గది ఏ ఫేజుమీద ఉందో మీ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. తోటలో మోటారు కొట్టందాకా ఇంటర్నెట్టు తీసుకుపోవచ్చునా అని కొందరు అడుగుతారు. మోటారుకు సర్వీసు వేరు, మీటరు వేరు. ఆ దారిన వస్తుందని ఆశపెట్టుకోకండి. రెండు సర్వీసుల తీగలను మీరే కలిపే ప్రయత్నం అసలే చేయకండి. అది నేరమూ అవుతుంది, ప్రాణాపాయమూ అవుతుంది.

మూడో మాట. మిక్సీ, గ్రైండరు, నాసిరకం ఫోను చార్జరు తీగలోకి రొద వదులుతాయి. మా ఇంట్లో ఇడ్లీకి పిండి రుబ్బే వేళకు వేగం పడిపోయేది. పిండి రుబ్బడం పాఠం ముగిసిన తరువాతకు మార్చుకున్నాం.

డబ్బా మీది అంకెను చూసి కూడా మోసపోకండి. 600 అని రాసి ఉన్నా, కేబుల్ గుచ్చేచోట 100కు మించి ఇవ్వని రకాలు ఉన్నాయి. ఇంట్లోకి వచ్చేసరికి అందులోనూ కొంత భాగమే దక్కుతుంది. అయినా ఒక వీడియో పాఠానికి సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లు నిలకడగా వస్తే చాలు. పనిచేయకపోతే వెనక్కి తీసుకునే అంగట్లోనే కొనండి. పరికరం మీద జతచేసే బటను ఒకటి ఉంటుంది. రెంటిమీదా దాన్ని నొక్కితే సంకేతానికి రహస్యపు తాళం పడుతుంది. మీటరు దాటి పక్కింటికి కాస్త సంకేతం పాకినా వారు చదవలేరు.

రేడియోలో మాట్లాడుతూ ఒక సంగతి దాచకూడదు. ఈ పరికరాలు వాడే తరంగాల పరిధిలోనే షార్ట్‌వేవ్ ప్రసారాలూ ఉన్నాయి. షార్ట్‌వేవ్ వినేవారికి వీటివల్ల బరబరమని రొద రావచ్చు. ఎఫ్.ఎం. ప్రసారాలు 88 మెగాహెర్ట్‌జ్‌కు పైన ఉంటాయి. ఈ పరికరాలు అంత పైకి పోవు కాబట్టి ఎఫ్.ఎం. వినేవారికి ఆ బెంగ లేదు.

ఇంకొక భ్రమ కూడా తీర్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రారంభమైన ఫైబర్‌నెట్ పథకంలో ఇంటర్నెట్టు కరెంటు స్తంభాల మీదుగా ఊళ్ళకు వెళ్ళింది. అది కరెంటు తీగలోనే వెళ్ళిందని మా బంధువుల్లో కొందరు అనుకున్నారు. అక్కడ స్తంభం ఒకటే గాని తీగ వేరు. గాజు తీగలో వెలుగు రూపంలో పోతుంది. కరెంటు తీగలో పోవడం నేను చెప్పిన ఇంటిలోపలి ఏర్పాటు సంగతి.

వెనక గదిదాకా విడిగా కేబుల్ లాగే వీలు ఉంటే అదే అన్నిటికన్నా మేలు. ఆ వీలు లేని రాతి ఇంటికీ, గోడ తొలవనివ్వని అద్దె ఇంటికీ ఈ ఉపాయం. వైరింగు ముప్ఫై నలభై ఏళ్ళ నాటిదై, అతుకులు వదులై ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి. ఇంటర్నెట్టు మాట తరువాత, ఇంటి క్షేమం ముందు. మామిడి కోతల రోజుల్లో మనకు పిడుగుల వానలు పడతాయి. ఉరుము ఇంకా దూరాన ఉండగానే ఈ పరికరాన్నీ, ఇంటర్నెట్ పెట్టెనూ ప్లగ్గునుంచి తీసేయండి.

చివరగా ఒక్క మనవి. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మన పిల్లలకు తెలుగు పాఠం, తెలుగు పుస్తకం దొరికే చోట్లలో ఇంటర్నెట్టు ఒకటి. 2017లో మొదలైన దీక్షా వేదికలో తెలుగు పాఠ్యపుస్తకాలు, పాఠాలు ఉన్నాయి. ఈ సాయంత్రం మీ ఇంట్లో ఫోను చేతబట్టుకొని గది గదికీ నడవండి. ఎక్కడ ఆగిపోతుందో చూడండి. అక్కడ ఎవరు కూర్చుంటారో కూడా చూడండి. చాలా ఇళ్ళలో టీవీ, మగవాళ్ళ కుర్చీలు పడసాలలో ఉంటాయి, చదువుకునే ఆడపిల్ల వంటింటి పక్కన ఉంటుంది. పరికరం కొనడానికి ముందు పెట్టెనే రెండు బారలు లోపలికి జరిపి చూడండి. దానికి ఖర్చేమీ లేదు. నేను ఆ పని మొదట చేసి ఉంటే, మా అమ్మాయి అన్నాళ్ళు తిన్నె మీద కూర్చునేది కాదేమో!