చిత్రకళా గురువు దామెర్ల రామారావు గారు



చిత్రలేఖనం నేర్పిన గురువులను గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్ములను కోరారు. గోదావరి ఒడ్డున పుట్టిన దామెర్ల రామారావు గారి జీవితాన్ని మీ ముందుంచుతాము.

ఆయన 1897లో రాజమహేంద్రవరంలో జన్మించారు. చిన్ననాటినుండి చదువుకంటె బొమ్మలమీదనే ధ్యాస. అటువంటి పిల్లవానిని మనమైతే మందలిస్తాము. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు మందలించలేదు. తాము స్వయంగా చిత్రకారులు కనుక ఆ వ్రేళ్ళలోని వరాన్ని గుర్తించారు. కవి, నవలాకారులైన అడివి బాపిరాజు గారు కూడ ఆయన శిష్యులే. ఆ దొరగారి ప్రోత్సాహంతోనే రామారావు గారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరి, 1920లో చదువు ముగించారు.

బొంబాయి చదువు ఆయనకు మనుష్యుని ఎదుట నిలుపుకొని, చూచి గీయడం నేర్పింది. అజంతా గోడలు రేఖలోని ఒయ్యారాన్ని నేర్పాయి. ఈ రెండూ కలిసిన చిత్రాలే 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం' మొదలైనవి.

నేర్చినది తనతోనే ఉంచుకొనక, సొంత ఊరిలో చిత్రకళాశాల నెలకొల్పారు. భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడ కుంచె పట్టారు. ఇల్లాండ్రకు అక్షరాలు నేర్పడమే అరుదైన ఆ దినాలలో ఇది చిన్న సంగతి కాదు.

1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను తీసుకొనిపోయింది. అప్పటికి 28 ఏండ్లయినా నిండలేదు.

గురువు పోగానే బడి మూతపడడం మనము ఎన్నోచోట్ల చూచాము. ఇక్కడ అట్లు జరుగలేదు. ఆయన మిత్రులు, చిత్రకారులు అయిన వరదా వెంకటరత్నం గారు ఆ బడిని తమ భుజాలమీద వేసికొని నడిపారు. ఎందరికో విద్య గరపారు. అయినను బడికి నిలిచినది మిత్రుని పేరే. రామారావు గారి చిత్రాలు నేటికీ రాజమహేంద్రవరంలో, ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఉన్నాయి. అటు వెళ్ళినవారు తప్పక చూడవలెను.

ఒకరు గుర్తించకపోతే ఆ చిత్రకారుడు లేడు. ఒకరు కాపాడకపోతే ఆ బడి లేదు. ఈ రెండు పనులకూ కుంచె పట్టడం రానక్కరలేదు, మనసుంటే చాలును. పరీక్షలు దగ్గరపడగానే డ్రాయింగు పీరియడును లెక్కలకు ఇచ్చివేసే మనము ఈ మాట ఆలోచించవలెను. నోటుపుస్తకం చివరి పుటలో బొమ్మలు గీసికొనే బిడ్డ మన ఇంటనే ఉండవచ్చును. కోప్పడక ముందు, ఆ పుటను ఒక్కసారి తేరిపార చూతము.