కత్తెరకాళ్ల కుర్చీ

వ్యాసపీఠమును ఎరుగని తెలుగు గృహస్థు అరుదు. రెండు పలకలు ఒకదాని నొకటి దాటిపోవును; ఆ కూడలియందే దాని బలమంతయు ఉన్నది. ఇట్టి కత్తెరకాళ్ల పీఠములపైననే పూర్వము రోమక న్యాయాధికారులు కూర్చుండెడివారు. వారి పీఠము మడతపడెడిది. నేను ముచ్చటింపదలచిన కుర్చీయు ఆ వంశములోనిదే గాని, ఇది మడతపడదు.

1929లో స్పెయిన్ దేశమున, బార్సిలోనా నగరమందు అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. జర్మనీ పక్షమున అచట ఒక మంటపము వెలసెను. అందు చూపుటకు సరకు లేమియు లేవు. పాలరాయి, గాజు, ఉక్కులతో కట్టిన ఆ మంటపమే ప్రదర్శన వస్తువు. దాని ప్రారంభోత్సవమునకు రాజు ఆల్ఫాన్సో రాణీసమేతముగా విచ్చేయవలసియుండెను. మహారాజు వచ్చినచో కుర్చీ వేయవలదా? ఆ కుర్చీ ఇదియే. వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె, ఆయన సహచర కళాకారిణి లిలీ రైఖ్ దీనిని రూపొందించిరి.

దీని నిర్మాణము చూడుడు. ఒక్కొక్క ప్రక్కను రెండేసి బద్దీ ఉక్కు పట్టెలు. ముందుకాలుగా నేలనుండి లేచిన పట్టె, ఒకే వంపుతో వెనుకకు సాగి వీపునకు ఆధారమగును. పీఠమును మోయు రెండవ పట్టె పాము వంపు తిరిగి వెనుకకాలగును. రెండును ఒక్కచోట దాటుకొనును. చట్రమునకు అడ్డముగా తోలుపట్టీలు. వానిపై గుండీలు కుట్టిన రెండు తోలు దిండ్లు. చేతులు లేవు. ఎత్తు తక్కువ. కూర్చుండుట సుఖమే, లేచుటయే మోకాళ్లకు పరీక్ష!

చూచినవారు దీనిని యంత్రము పోతపోసిన వస్తువనుకొందురు. అది భ్రమ. ఉక్కును సానపట్టి మెరుగుపెట్టుట, దిండ్లకు నలువది తోలుముక్కలను కూర్చికుట్టుట, అంతయు చేతిపనియే. యంత్రయుగమునకు గురుతుగా నిలిచిన ఆసనము పనివాని వ్రేళ్లపై ఆధారపడుట నాకు వింతగా తోచును. దీని వెల సామాన్యునకు అందకపోవుటకు కారణమును ఇదియే.

తొలి కుర్చీలకు క్రోమియము పూత, దంతపు వన్నె పందితోలు వాడిరి. 1930లోనే మంటపమును విప్పివేసిరి. నేడు అచట కనబడునది 1986లో పూర్తియైన పునర్నిర్మాణము. 1950 ప్రాంతమున మీస్ చట్రమును తుప్పుపట్టని ఉక్కుతో, అతుకు కనబడని రీతిగా మార్చెను. 1953లో అమెరికాయందలి నోల్ సంస్థ దీని ఉత్పత్తికి పూనుకొనెను. అది మొదలు గొప్ప కార్యాలయముల ముంగిళ్లలో ఈ కుర్చీల జంట కానవచ్చినది.

పేరు మాత్రము చిరకాలము మీస్‌దే. బార్సిలోనాలో జర్మనీ విభాగముల అలంకరణ బాధ్యత వహించిన రైఖ్‌ను పెక్కుమంది తలపరైరి. మీస్ పేరుగాంచిన కుర్చీలు చాలవరకు ఆమెతో పనిచేసిన కాలములోనివే యనుట ఇచట గమనింపదగినది. 1938లో ఆయన అమెరికా చేరెను. ఆమె బెర్లిన్‌లోనే ఉండిపోయెను. 1943లో బాంబులకు ఆమె శిల్పశాల నేలకూలెను. అయినను ఆయన గీసిన వేలకొలది పటములను నగరమునకు దూరముగా దాచి కాపాడినది ఆమెయే. 1947లో ఆమె కన్నుమూసెను. నోల్ వారి తొలి కుర్చీ విపణికి వచ్చుటకు అప్పటికింకను ఆరేండ్లు గలవు.