పేర్ల గుడ్డ

(క్రిస్మస్ కుట్టుపనుల ప్రదర్శన సందర్భమున మన సంఘ సభాభవనమందు చేసిన ప్రసంగపాఠము)

 

ప్రదర్శన ప్రారంభించి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. మెట్రిక్కుతో చదువు ముగించి, తండ్రిగారి దారముల అంగడిలో కూర్చున్నవాడను. కుట్టుపనిని గూర్చి మాటలాడవలసినవారు ఎదుట కూర్చున్న తల్లులు. అయినను దారమమ్మువానికి దారమెక్కడికి పోవుచున్నదో కొంత తెలియును గనుక, ఆ పాటి తెలివితో సాహసించుచున్నాను.

గోడలకు వేలాడుచున్న గుడ్డలలో అధికభాగము క్రాస్ కుట్టు పని. గళ్ళ నేతగల గుడ్డపై, ఒక్కొక్క గడిలో రెండు ఏటవాలు పోగులు ఒకదానిపై నొకటి వేసి, ఇంటూ గుర్తు వలె కుట్టుటయే ఈ పని. పై పోగులన్నియు ఒకే దిక్కునకు వాలియుండవలెనన్న నియమమొకటి గలదు. అది తప్పినచో రంగులు సరియైనవే అయినను పని గతుకుగా కనబడును.

ఇది పాశ్చాత్యుల పద్ధతియని కొందరందురు. మనము తరతరములుగా కాపురముండు ఈ హుబ్బళ్ళి ధారవాడ సీమకు ఇట్టి కుట్టు క్రొత్తది గాదు. ఇచ్చటి కసూతి పనిలో గవంతి, ముర్గి, నేగి, మెంతి అను నాలుగు కుట్లు గలవు. వీనిలో మెంతి యనునది మనము చెప్పుకొను క్రాస్ కుట్టే. గుడ్డపై ముందుగా బొమ్మ గీయక, పోగులు లెక్కించుచు, ముడి వేయక, గోపురము, తేరు, పల్లకి, ఏనుగు, తులసికోట మున్నగువానిని ఇల్కల్ చీరలపై దింపిన స్త్రీలు ఇచ్చటివారే. మెంతి యను మాట కన్నడమువారికిని మనకును ఉమ్మడిది. వారి వంటింట నున్నదే మన వంటింటను గలదు.

మఱియొక సంగతి. లండను నగరమందలి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో జేన్ బాస్టాక్ అను ఆమె 1598వ సంవత్సరమున కుట్టిన గుడ్డ యొకటి భద్రపరుపబడి యున్నది. తేదీతో కూడి నేటివరకు నిలిచిన బ్రిటిషు కుట్టు నమూనాలలో అదియే మిక్కిలి పాతది. అందు పూలును, జంతువులును, అక్షరమాలయు గలవు. అంతియే గాక, ఆలిస్ లీ అను బాలిక 1596వ సంవత్సరము నవంబరు 23వ తేదీన, మంగళవారము మధ్యాహ్నము జన్మించినట్లు దారముతో వ్రాయబడి యున్నది. నాలుగు వందల ఏండ్లు దాటినను ఒక పసిబిడ్డ పుట్టిన వేళ ఆ గుడ్డపై చెదరలేదు. కుట్టుపని కేవలము అలంకారము గాదు, ఇంటి దస్తావేజు కూడ నని దీనివలన తెలియుచున్నది. మా యింటి దస్తావేజును గూర్చి పిమ్మట మనవి చేసెదను.

ముందు డిసెంబరు నెల సంగతి చెప్పవలెను. మనలో క్రైస్తవ కుటుంబములు కొద్దియే గాని, సంక్రాంతికి మీ యిండ్లలో నుండు సందడియే క్రిస్మస్‌కు మా యిండ్లలో నుండును. ఇల్లు సున్నము వేయుట, నక్షత్రము కట్టుట, అరిసెలు, కజ్జికాయలు, కేకు, క్రొత్తబట్టలు, రాత్రులందు ఇంటింటికి వచ్చు పాటల బృందములకు టీ, ఫలహారములు. ఇవన్నియు జరుగుచుండగా, బంధువులకు బహుమతిగా నిచ్చుటకు కుట్టుపని ముందువేసికొని గృహిణి రాత్రి పదకొండు గంటలకు దీపము క్రింద కూర్చుండును. నా భార్య చాల యేండ్లు అట్లే కూర్చుండెను. కండ్లు ఎఱ్ఱబడి, చిరాకుపడి, పండుగనాడు ఆరాధనలో కునుకుపాట్లు పడుచుండగా నేను ఎగతాళి చేసితిని కూడ.

ఒకనాడు అంగడిలో ఊరక కూర్చుండి వ్యాపారి బుద్ధితో లెక్క వేసి చూచితిని. అంగుళమునకు 14 గళ్ళుండు ఐడా గుడ్డపై 5 అంగుళముల నక్షత్రము కుట్టవలెనన్న, అడ్డమునకు 70, నిలువునకు 70, వెరసి 4,900 గళ్ళు. అందు సగమే దారముతో నింపవలెననుకొన్నను 2,450 కుట్లు. ఇంటి పనుల నడుమ కుట్టువారికి గంటకు నూరు కుట్లు పడుట మేలు. అనగా ఇరువదినాలుగున్నర గంటల పని. డిసెంబరు 1వ తేదీన మొదలిడి, ఒక్కనాడైన తప్పక దినమునకొక గంట కూర్చున్నను, అది ముగియునది సరిగా 25వ తేదీన! డిసెంబరులో ఏ యిల్లాలికి దినమునకొక గంట దొరకును? మా యింట అట్టి పనులు మూడేసి యుండెడివి. ఆ లెక్క కాగితము చూచిన పిమ్మట నేను ఎగతాళి మానితిని. ఇప్పుడు మా యింట క్రిస్మస్ గుడ్డ వినాయక చవితినాటికే చట్రమెక్కును. డిసెంబరులో రాత్రి గిన్నెలు నేనును, మా అబ్బాయియు కడుగుదుము. మొదట గిన్నెలకు జిడ్డు మిగిలెడిది, ఇప్పుడు కొంత నయము.

ఇక మా యింటి దస్తావేజు. మా తాతగారు రైల్వే కొలువునకై ఈ ఊరు వచ్చిరి. మా అమ్మగారు కృష్ణా తీరమునుండి కోడలిగా వచ్చుచు, పెట్టెలో ఒక తెల్లగుడ్డ తెచ్చిరి. దానికి నాలుగు వైపుల నక్షత్రముల అంచు, నడుమ ఖాళీ. ఇంట ఏ బిడ్డ పుట్టినను, ఆ బిడ్డకు వచ్చు మొదటి క్రిస్మస్‌నాటికి పేరును, పుట్టిన సంవత్సరమును ఎఱ్ఱదారముతో తెలుగు అక్షరములలో కుట్టెడివారు. మొదటి పేరు నాది, పిదప నా తమ్మునిది, చెల్లెలిది, అటుపై మనుమలు, మనుమరాండ్రవి. డిసెంబరు 24వ తేదీ సాయంకాలము ఆ గుడ్డ బల్లపై పరచి, పిల్లలందఱు తమ పేర్లు వెదకికొనిన పిమ్మటనే మేము ఆరాధనకు బయలుదేరెడివారము. 2019లో అమ్మగారు పోవునాటికి గుడ్డపై ఏడు పేర్లుండెను.

2022లో మా తమ్మునికి కొడుకు పుట్టెను. ఎనిమిదవ పేరు ఎవరు కుట్టవలెను? పదమూడేండ్ల మా అమ్మాయి తానే కుట్టెదనని సూది పట్టెను. నేను సంతోషించి అంగడికి పోయితిని. రెండుదినముల పిమ్మట చూచితిని గదా, అక్షరముల తలకట్టులన్నియు బల్లపరుపుగా ఉన్నవి. మన తలకట్టు క్రిందికి దిగి ఏటవాలుగా పైకి లేచును. కన్నడపు తలకట్టు అడ్డముగా సాగి కొసన వంగును. పిల్ల కన్నడ పాఠశాలలో చదువుచున్నది, కన్నడము ముత్యములవలె వ్రాయును. తెలుగు మాటలాడును గాని వ్రాయలేదు. తనకు వచ్చిన అక్షరమే గుడ్డపై కుట్టినది.

నాకు కోపము వచ్చినది. మీ నానమ్మ గుడ్డను పాడుచేసితివని కేకలువేసి, అంతయు విప్పుమంటిని. పిల్ల ఎదురాడక విప్పినది. విప్పుచు ఒక్కమాట అడిగినది: “నాన్నా, ఇది తప్పని నాకు ముందు ఎవరైనా చెప్పారా?”

ఆ మాటకు నా యొద్ద జవాబు లేకపోయినది. ఈ సభలో మాతృభాషను గూర్చి ఎన్ని పర్యాయములు ఉపన్యసించితినో మీకు తెలియును. తెలుగు బోధనకై అర్జీలు వ్రాసితిని, సంతకములు సేకరించితిని. నా యింట నా బిడ్డకు అ ఆలు దిద్దించలేదు. వేరొక సంగతి కూడ నాడు తోచినది. నా అంగడిలో ఇంగ్లీషున క్రిస్మస్ శుభాకాంక్షలు గల నమూనా కాగితములు ఎన్నో రకములున్నవి. తెలుగు అక్షరముల నమూనా ఒక్కటియు లేదు. ఇన్నేండ్లుగా నేను తెప్పించలేదు, గీయించలేదు, ఎవరును అడుగలేదనుకొని ఊరకుంటిని.

ఆ క్రిస్మస్‌కు గుడ్డపై ఎనిమిదవ వరుస ఖాళీగా నుండెను. విప్పినచోట ఎఱ్ఱపోగులు కన్నములలో చిక్కుకొని లేత గులాబిరంగు మచ్చ నిలిచినది. మా మరదలు బిడ్డను ఎత్తుకొని వచ్చి, “మా బాబు పేరేది, బావగారూ?” అని అడిగెను. ఇంకను కాలేదమ్మా అంటిని. నిజము మా అమ్మాయి చెప్పలేదు, నేనును చెప్పలేదు.

జనవరినుండి ఆదివారము మధ్యాహ్నము ఒక గంట తండ్రి కూతుండ్రము చదరపు గళ్ళ లెక్కల పుస్తకము ముందువేసికొని కూర్చుంటిమి. పాఠ్యపుస్తకము మా అమ్మగారు నాకు వ్రాసిన పాత ఉత్తరములు. వానిలోని ఒక్కొక్క అక్షరమును గళ్ళలోనికి దింపితిమి. పని మొదలిడిన పిమ్మట గాని కష్టము తెలియలేదు. ఇంగ్లీషు పెద్ద అక్షరము 5 గళ్ళ వెడల్పు, 7 గళ్ళ ఎత్తున ఒదిగిపోవును. మన అక్షరములు గుండ్రనివి, గళ్ళు చదరములు. గుండ్రదనము కనబడవలెనన్న అక్షరమునకే 12 గళ్ళ ఎత్తు కావలసివచ్చినది. పైన గుడికిని, తలకట్టునకును 5, క్రింద ఒత్తునకు 6. మొత్తము 23 గళ్ళు. అమ్మగారు ఈ లెక్క ఏ కాగితముపైనను వ్రాసియుంచలేదు. ఉల్లిపొర కాగితము గుడ్డపై నుంచి, ఆమె కుట్లను ఒక్కొక్కటిగా ఎంచుకొని మేము నేర్చుకొంటిమి. నా చేతివ్రాత కూడ చెడినదని అప్పుడే తెలిసినది. లెక్కల చిట్టా వ్రాయుటకు తప్ప చాలకాలముగా నేను తెలుగు వ్రాయలేదు.

2023 క్రిస్మస్‌నాటికి ఎనిమిదవ పేరు పూర్తియైనది. నాలుగు అక్షరములు. తలకట్టులు సరిగా లేచినవి. ఒక ఒత్తుమాత్రము అంచునందలి నక్షత్రమును తాకినది. దానిని విప్పింపలేదు. గుడ్డ క్రిందిమూలను మా అమ్మాయి ఒక చిన్న గోపురమును కసూతి పద్ధతిని, గవంతి మెంతి కుట్లతో వేసినది. తన స్నేహితురాలి తల్లిగారు నేర్పిరట. “ఇదెందుకమ్మా?” అని అడిగితిని. “నేను కూడ ఈ ఊరిదాన్నే కదా, నాన్నా” అన్నది. నిజమే. మనము ఈ ఊరి అన్నము తినుచున్నాము, ఈ ఊరి భాషలో బేరమాడుచున్నాము. కన్నడము వచ్చుట నా బిడ్డ లోపము గాదు. తెలుగు వ్రాయరాకుండుట నా లోపము.

ఆ గుడ్డ నేడు ద్వారమునకు కుడివైపున వేలాడుచున్నది. మచ్చ కూడ కనబడును. దగ్గరకు పోయి చూడుడు.

ఇక నా విన్నపము. మన సంఘమున ఏ మతమువారైనను, ప్రతి యింట ఒక పేర్ల గుడ్డ మొదలిడవలెను. క్రిస్మస్‌కే కానక్కరలేదు. సంక్రాంతికో, ఉగాదికో, పెండ్లికూతురి సారెలోనికో కావచ్చును. అక్షరములు ఇంటిలో తెలుగు బాగుగా వ్రాయు పెద్దవారి చేతివ్రాతలోనివై యుండవలెను. వారు ఉండగనే వ్రాయించుకొనుడు. మేము తయారుచేసిన గళ్ళ అక్షరమాలకు నకళ్ళు తీయించి ఈ బల్లపై నుంచితిని, వెల లేదు. జనవరి మొదటి ఆదివారమునుండి మధ్యాహ్నము ఒక గంట ఈ భవనమందే పిల్లలకు తెలుగు అక్షరములు గళ్ళ కాగితముపై దిద్దించుటకు కార్యవర్గమువారు ఒప్పుకొనిరి. కూర్చుని నేర్పు తల్లులు ముగ్గురు, తండ్రులు ఇద్దరైన కావలెను. తండ్రులన్న మాట గట్టిగా చెప్పుచున్నాను.

దారములమ్మువాడు తన లాభమునకే చెప్పుచున్నాడని కొందరు నవ్వుకొనవచ్చును. ఇంట మిగిలిన దారమే వాడుడు. క్రొత్తది కొనినచో ఒక రంగు పనికి కావలసినదంతయు ఒకేసారి కొనుడు. వేరొక మారు రంగువేసిన దారము కొంచెము తేడాగా నుండును. ఎఱ్ఱదారమును ముందుగా తడిపి తెల్లగుడ్డపై ఒత్తి చూడుడు. రంగు దిగినచో ఏ అంగడిలో కొన్నదైనను, నా అంగడిదైనను, తిరిగి యిచ్చివేయుడు.

మా చెల్లెలికి ఫిబ్రవరిలో పురుడు. తొమ్మిదవ పేరునకు చోటు లెక్కపెట్టి యుంచితిమి. ఇరువదిమూడు గళ్ళ ఎత్తు సరిగా మిగిలియున్నది.