ఆయుధముల చట్టము – మన బాధ్యత

(జహీరాబాదు పట్టణమున రైతులును, న్యాయవాదులును, కళాశాల విద్యార్థులును కూడిన సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము.)



తుపాకుల చట్టమును గూర్చి ప్రసంగింపుమని మీరు కోరినప్పుడు, చెరకుతోటల నడుమ నున్న మన పట్టణమునకు ఆ విషయముతో నేమి పని యని కొందరు మిత్రులు శంకించిరి. పని కలదు. 2017 ఫిబ్రవరిలో అమెరికాయందలి కాన్సస్ రాష్ట్రమున, ఒలేత పట్టణమున, పరదేశస్థులన్న ద్వేషముతో ఒకడు మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపెను. 2019 మార్చి 15వ తేదీన న్యూజీలాండు దేశపు క్రైస్ట్‌చర్చి నగరమున రెండు మసీదులలో 51 మంది హతులైరి. వారిలో హైదరాబాదు వారును కలరు. 2023 మే 6వ తేదీన టెక్సస్ రాష్ట్రపు ఆలెన్ పట్టణమున అంగళ్ల సముదాయములో ఎనమండుగురు కూలిరి. అందొకతె మన రాష్ట్రమునుండి వెళ్లిన యువతి. బిడ్డలను విదేశములకు పంపిన తల్లిదండ్రులు ఈ సభలోనే యున్నారు. వారికీ విషయము పరాయిది కాదు.

ఇక మన యింటి సంగతి. కొన్ని యేండ్ల క్రిందట ఒక రైతు నా కడకు వచ్చెను. అడవిపందులు చెరకును నాశనము చేయుచున్నవి, తుపాకి లైసెన్సు ఇప్పింపుమనెను. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 13వ సెక్షనులో పంట కాపుదలకై, గొట్టపు మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు నొసగు వీలు కలదు. దరఖాస్తు వ్రాసితిని. అధికారులు నిరాకరించిరి. 18వ సెక్షను క్రింద అప్పీలు చేసితిని, అదియు పోయెను. ఆ రైతునకు తన తమ్మునితో గట్టు తగాదా కలదనుటయే వారు చూపిన కారణము. పంటకును గట్టుకును సంబంధమేమని నేను మిక్కిలి కోపగించితిని.

రెండు నెలలు గడువకమునుపే అన్నదమ్ములు ఆ గట్టుమీదనే కర్రలతో కొట్టుకొనిరి. తమ్మునికి తల పగిలెను, అన్నకు చేయి విరిగెను. కొంతకాలమునకు ఇద్దరును కలిసి రాజీపత్రము వ్రాయించుకొనుటకు నా యింటికి వచ్చిరి. పోవునప్పుడు పెద్దవాడు వెనుకకు తిరిగి యిట్లనెను: "వకీలు సాబ్, ఆ దినం నా చేతుల తుపాకి ఉంటే తమ్ముడు నాకు దక్కకపోవు." ఆ మాట విన్న తరువాత, నేనోడిన దావాలలో ఓడిపోయినందుకు సంతోషించిన దావా అదియొక్కటే యని ఒప్పుకొనక తప్పదు.

సోదరులారా! జాతీయవాదులమగు మనకీ విషయమున ఒక చిక్కు కలదు. 1878లో లిట్టను ప్రభువు తెచ్చిన ఆయుధముల చట్టమును మన పెద్దలు తీవ్రముగా గర్హించిరి. ఐరోపీయులకు మినహాయింపు, భారతీయునకు లైసెన్సు నిర్బంధము! జాతి భేదమును పాటించిన చట్టమది. 1887లో మదరాసు కాంగ్రెసు దానిని సవరింపుమని తీర్మానించెను. 1930లో గాంధీ మహాత్ముడు ఇర్విను ప్రభువు ముందుంచిన పదునొకండు కోర్కెలలో ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు, ప్రజల అదుపునకు లోబడి, ఇయ్యవలెననునది యొకటి. 1931 కరాచీ తీర్మానము సయితము నిబంధనలకు లోబడి ఆయుధధారణ హక్కును చెప్పెను. అట్టి మనము నేడు కఠిన చట్టమును సమర్థింపవచ్చునా?

సమర్థింపవచ్చును, ఏలయన, ఆ పెద్దలే స్వతంత్రులైన పిదప ఈ ప్రశ్నను మరల విచారించిరి. 1948 డిసెంబరు మొదట రాజ్యాంగ సభలో హెచ్.వి. కామతుగారు ఆయుధధారణను ప్రాథమిక హక్కుగా చేర్చవలెనని సవరణ ప్రతిపాదించిరి. అట్లైన నేరములే వృత్తిగా గలవారును ఆ హక్కును కోరగలరని అంబేద్కరుగారు వాదించిరి. సభ సవరణను త్రోసిపుచ్చెను. మన రాజ్యాంగపు 19వ అధికరణము సభ జరుపుకొను హక్కునిచ్చుచు, శాంతియుతముగా, ఆయుధములు లేక యని షరతు పెట్టినది. అమెరికావారు 1791లో ఆయుధధారణను తమ రాజ్యాంగమున చేర్చుకొనిరి. 2012లో శాండీహుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలు చనిపోయినను, 2022లో యువాల్డీ పాఠశాలలో 19 మంది చనిపోయినను, చట్టమును గట్టిగా బిగింప బూనినప్పుడెల్ల ఆ వాక్యమే అడ్డు వచ్చుచున్నది. న్యూజీలాండులో అట్టి అడ్డు లేదు. అందువలన క్రైస్ట్‌చర్చి హత్యలు జరిగిన నెలలోపలనే, 119 ఓట్లకు ఒక్క ఓటు వ్యతిరేకముగా, యుద్ధపు తీరు తుపాకులను నిషేధింపగలిగిరి.

"దొంగకు లైసెన్సు అక్కరలేదు, చట్టమును పాటించువాని చేతి తుపాకినే చట్టము లాగికొనుచున్నది" అని కొందరందురు. వినుటకిది బాగుగనే యున్నది. కాని క్రైస్ట్‌చర్చి హంతకునకు లైసెన్సు కలదు. ఆలెన్ హంతకుడు తుపాకులను చట్టప్రకారమే కొనెను. అంత దూరమేల? 2020 డిసెంబరులో మన ఆదిలాబాదున పిల్లల క్రికెట్టు ఆటలో పుట్టిన తగవు పెద్దలకు ప్రాకి, ఒక స్థానిక నాయకుడు లైసెన్సు తుపాకితోనే కాల్చెను. గాయపడిన యొకరు తరువాత మరణించిరి. 2022 జనవరిలో న్యాయస్థానము ఆ నాయకునికి యావజ్జీవ శిక్ష విధించెను. ఆనాటి వరకు ఆ తుపాకి చట్టబద్ధమైనదే. కోపము లైసెన్సును చూచి రాదు.

ఇంకొక వాదమున బలము కలదు. ఆయుధము లేని ప్రజను ఆయుధము గలవాడు త్రొక్కివేయడా? ఈ ప్రశ్న మన నేలమీద నెత్తుటితో వ్రాయబడినది. 1948 ఆగస్టు 27వ తేదీన భైరాన్‌పల్లిలో రజాకార్లును నిజాము బలగములును తొంబదిమందికి పైగా గ్రామస్థులను చంపిరి. బురుజుపై కాపలా కాచిన యువకుల ధైర్యము గొప్పది. కాని ఆ బలగముల ముందది నిలువలేదు. సెప్టెంబరులో భారత సైన్యము వచ్చిన పిదపనే రజాకార్ల ఆగడములు అణగెను. అయితే కథ అంతటితో ముగియలేదు. నాడు మన జహీరాబాదు బీదరు జిల్లాలోనిది. ఆ జిల్లాలో తరువాత ప్రతీకారమునకు బలియైన వారు ముస్లిము సోదరులు. మిక్కిలి బాధపడిన నాలుగు జిల్లాలలో బీదరు ఒకటియని పండిత సుందరలాలు సంఘము నివేదించెను. చంపినవారు మారిరి, చచ్చినవారు మారిరి. ఆయుధము మాత్రము చేతులు మారుచు పనిచేసెను. ప్రైవేటు సేనలను పెరుగనిచ్చిన రాజ్యమున ఎవ్వరికిని రక్షణ లేదనుటయే ఆ యేటి పాఠము.

రాజ్యపు తుపాకికిని కళ్లెము వలయును. 1969లో పోలీసు కాల్పులలో కూలిన తెలంగాణ విద్యార్థులను మనము మరువలేదు. మలి ఉద్యమమున కార్యకర్తగా తిరిగినవాడను గాన చెప్పుచున్నాను: లాఠీలు తింటిమి, అరెస్టయితిమి, తుపాకి పట్టలేదు. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము వచ్చెను.

చట్టముతో హత్యలు పూర్తిగా మాయమగునని నేను చెప్పను. నాటు తుపాకులు చాటుగా తయారగుచున్నంతకాలము చట్టమునకు పని మిగిలియే యుండును. కాని ఉన్న చట్టమునైన నడిపింపవలదా? 2016 నిబంధనలు దరఖాస్తుదారుని మానసికారోగ్యమునకు వైద్యుని పత్రమును, తుపాకిని భద్రముగా దాచుటకు హామీని కోరుచున్నవి. 2019 సవరణ, ఒకనికి మూడు తుపాకులుండవచ్చునన్న దానిని రెండింటికి తగ్గించెను. పెండ్లిండ్లలో, ఊరేగింపులలో నిర్లక్ష్యముగా కాల్చువానికి రెండేండ్ల వరకు ఖైదో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధించెను. ఇవి కాగితముపై నుండిన చాలదు.

కావున మీకు నా మనవి. వైద్యులారా, చూడని మనిషికి ఆరోగ్య పత్రము వ్రాయకుడు. పెద్దలారా, నడుమున తుపాకి వ్రేలాడుటను హోదాగా నెంచి గౌరవింపకుడు. పెండ్లి పందిటిలో ఎవడైన గాలిలోనికి కాల్చిన, బంధువని ఊరకుండక సాక్ష్యము చెప్పుడు. రైతు పంటను పందులనుండి కాపాడుటకు ప్రభుత్వము కంచెకును నష్టపరిహారమునకును తోడ్పడవలెనని కలిసి అడుగుదము. ఆ బరువును ఒంటరి రైతు చేతి తుపాకిపై మోపుట న్యాయము కాదు. తోడి న్యాయవాదులారా, లైసెన్సు దరఖాస్తు వ్రాయుటకు ముందు కక్షిదారుని ఇంటి తగాదాలను గూర్చి ఒక్క మాట అడుగుడు. నేను ఆనాడు అడుగలేదు. ఆ యన్నదమ్ములు నేడు ఒకే బావి నీటితో సేద్యము చేయుచున్నారు; అది నా తెలివివలన కాదు, చట్టము నా మాట విననందువలన.