నేను దాటిన ఇంకో మూసీ

(లాల్‌దర్వాజాలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత జ్ఞాపకం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను మూసీ దాటిన సంగతి చెబుతాను. నయాపూల్ మీద రోజూ దాటుతూనే ఉన్నాం, అందులో విశేషమేముందని మీరు నవ్వవచ్చు. నేను చెప్పేది ఈ మూసీ కాదు. ప్రకాశం జిల్లాలో ఇదే పేరుతో ఇంకో చిన్న నది ఉంది. సముద్రంలో కలిసే ముందు అది బకింగ్‌హామ్ కాలువకు అడ్డం వస్తుంది.

ఆ కాలువ మద్రాసు దగ్గర 1806లో మొదలైంది. 1876-78 కరువులో కూలి పని కల్పించడానికి దాన్ని పొడిగించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల ఉప్పునీటి కాలువ. ఉప్పు, సర్వి కట్టెలు పడవల మీద మద్రాసు వెళ్లేవి. మా మేనమామ అలాంటి ఒక పడవకు తండేలు.

ఆ పడవలు పొడుగు, వెడల్పు తక్కువ, అడుగు పలక. కాలువలో గట్టు మీంచి మోకుతో లాగవచ్చు, గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తవచ్చు. నది అడ్డొచ్చినచోట గట్టే ఉండదు. సముద్రపు పోటుకు నీరు లోపలికి పరుగెత్తుతుంది, ఆటుకు వెనక్కి లాగుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్యకు, పౌర్ణమికి వాటి జోరు ఎక్కువ.

పోటు చివర, నీరు నిలబడబోయే ముందు దాటాలని మామ నియమం. అప్పుడు ఇసుక మేటలు మునిగి లోతు ఉంటుంది. పొరపాటు జరిగినా నీరు మనల్ని ఊరివైపు తోస్తుంది కాని సముద్రంవైపు కాదు.

1958 జూన్‌లో నాకు పద్నాలుగేళ్లు. మర్నాడు అవతలి ఊరి హైస్కూల్లో చేరాలి. మేము మూసీ దగ్గరికి వచ్చేసరికి పొద్దెక్కింది. అమావాస్య మర్నాడు. మామ ఒక పుల్ల నీళ్లలోకి విసిరి చూశాడు. అది మెల్లగా తూర్పుకు కదిలింది.

"పోటు తిరిగిందిరా అబ్బాయ్. మళ్లీ పోటంటే రాత్రికే. ఈ చీకట్లో వద్దు, రేప్పొద్దున దాటుదాం" అన్నాడు.

నేను ఏడ్చాను. బడిలో సీటు పోతుందన్నాను. "ఇంత చిన్న ఏటికి భయమా మామా?" అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మామ కాసేపు నా మొహం చూసి కట్టు విప్పమన్నాడు.

పడవ ముక్కును ఎగువకు ఏటవాలుగా పెట్టి గడలు వేశారు. సగం ఏరు బాగానే జరిగింది. నడుమ గడకు నేల అందలేదు. పడవ అడ్డం తిరిగింది. మొగవైపు కొట్టుకుపోయి, అలలు విరిగేచోటికి కొద్ది దూరంలో ఇసుక మేటకు తగిలి ఒక పక్కకు ఒరిగింది. "కట్టెలు తోసెయ్యండి!" అని మామ కేకేశాడు. సగం సరుకు నీళ్లపాలయ్యాక పడవ నిలదొక్కుకుంది. సాయంత్రం పోటు వచ్చి లేపేదాకా అక్కడే కూర్చున్నాం. మమ్మల్ని ముంచబోయిన నీరే మళ్లీ లోపలికి తెచ్చింది.

బడిలో చేరాను. చదివాను, ఉద్యోగం వచ్చింది, ఈ నగరానికి వచ్చాను. ఆ కట్టెల ఖరీదు మాత్రం మామ తన రాబడిలోంచి ఏడాదిపాటు తీర్చాడు. అడిగినవాళ్లందరికీ "పోటు లెక్క తప్పాను" అనే చెప్పాడు. లెక్క తప్పినవాడు ఆయన కాదు. ఆ సంగతి ఆయన బతికుండగా నేను ఎవరితోనూ అనలేదు. మా అమ్మతో కూడా అనలేదు. ఈ రోజు మీముందు అంటున్నాను.

1965, 1966 తుఫానులకు కాలువ దెబ్బతింది, పడవలు తగ్గిపోయాయి. మామ ఇంటిపట్టున ఉండిపోయాడు. 2004 సునామీలో ఆ పాత కాలువే అలల నీటిని తనలోకి తీసుకుని చాలామందిని కాపాడిందని విన్నప్పుడు ఆయనే గుర్తొచ్చాడు. 2008లో దాన్ని జాతీయ జలమార్గంలో చేర్చారు.

మన ఇళ్లలో పిల్లలు తొందరపెడుతుంటారు. ఒక్కోసారి వాళ్లకోసం తెలిసి తెలిసీ పడవ విప్పుతాం. తప్పని అనను. మా మామ విప్పకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ని కానేమో. అయితే అలా విప్పినవారు మీ ఇంట్లో ఇంకా ఉంటే, ఆ మాట వారికి ఇప్పుడే చెప్పండి. నాలాగా ఆలస్యం చేయకండి.