యౌవనారంభమున ధనశిక్షణము



ధర్మార్థకామమోక్షములలో మన పెద్దలు అర్థమునకు ధర్మము వెనుకను, కామము ముందును స్థానమిచ్చిరి. ధర్మము విడిచిన ధనము నిలువదనియు, ధనము నెరుగని కోరిక గృహమును ముంచుననియు దీని భావముగా మేము గ్రహించుచున్నాము. 1150వ సంవత్సరప్రాంతమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతియందు సయితము వడ్డీలెక్కలు గలవు. అట్టి లెక్కలు మేము నల్లబల్లపై నెన్నియో చేయించితిమి. వానిలో నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్నవారే పిదప అప్పులపాలగుటయు జూచితిమి. లెక్క వచ్చుట వేరు. రూపాయిని నిలుపుకొనుట వేరు.

పూర్వము బాలుడు అంగడిలో నాణెములెంచి యిచ్చెడివాడు. తరిగినది కంటికి గనబడుచుండెను. 2016లో యూపీఐ వచ్చినది మొదలు ఫోనుపై వ్రేలు తాకినంతనే సొమ్ము పోవుచున్నది. పోయినది కనబడదు కావున వ్రాసి చూచుకొనవలెను.

కనుక పదుమూడేండ్లు నిండిన కుమారునకైనను కుమార్తెకైనను నెలమొదట ఒక నిర్ణీతమైన మొత్తము, ఎంత స్వల్పమైనను సరే, ఇచ్చి కలములు, చిరుతిండి, స్నేహితులకు కానుకలు అన్నియు దానితోనే జరుపుకొమ్మనవలెను. జమ, ఖర్చు, నిలువ అను మూడు గళ్ల పుస్తకము వారిచేతనే వ్రాయింపవలెను. ఇరువదవ తేదికే సొమ్ము చెల్లిపోయినచో తండ్రి కోపింపరాదు. తల్లి చాటుగా పోపులడబ్బానుండి తీసి యియ్యరాదు. ఆ పదిదినముల కొరతయే గురువు. అన్నమునకును చదువునకును మందులకును మాత్రము లోపము రానీయరాదు.

పదియేండ్లు నిండిన పిల్లలు తపాలాకార్యాలయమున తమ పేరనే 500 రూపాయలతో పొదుపుఖాతా తెరువవచ్చును. మిగిలినది అందు వేయింపుడు.

అప్పు సంగతియు చెప్పవలెను. నెలకు నూటికి మూడురూపాయల వడ్డీ యనిన అల్పముగా దోచును. అదియే చక్రవడ్డీయైనచో వేయిరూపాయలు ఏడాదికి 1,426, రెండేండ్లకు 2,033 రూపాయలగును. ఈ లెక్క పిల్లలచేతనే వేయింపుడు.

పెండ్లికై పొలము తాకట్టుపెట్టిన సంగతి పిల్లలకు దాచుట గౌరవమని మనలో పలువురు తలంతురు. ఖరీదైన ఫోను కోరుట పిల్లవాని తప్పుకాదు. ఇంట లేదని యెరుగకుండుట తప్పు. ఆ తప్పు వానిది కాదు. నెలకొకసారి ఇంటి జమాఖర్చులు పిల్లలయెదుట చదువుడు. పదునెనిమిదేండ్లు నిండిననాడు అప్పుపత్రముపై వారి సంతకము చెల్లును. ఆ సంతకము విలువ అంతకు ముందే తెలియవలెను గదా!

సంఘమువారు విద్యార్థులకిచ్చు బహుమతులతో ఒక్కొక్క జమాఖర్చుల పుస్తకమును గూడ నిప్పింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.