ముక్కుకు దెబ్బ తగిలితే... ఇంట్లో ఏం చేయాలి? ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

(ఓ.పి. హాలులో రోగుల బంధువులతో ఒక సిస్టర్ చెప్పిన మాటలు)



మీలో చాలామంది వార్డులో ఉన్న మీవారి కోసం పొద్దుటినుంచి ఇక్కడే కూర్చున్నారు. ఈ కాస్త సమయంలో ముక్కుకు తగిలే దెబ్బల గురించి నాలుగు మాటలు చెబుతాను. "ముక్కు దెబ్బే కదా, దానికి కూడా ఆసుపత్రా?" అనుకోకండి. ముఖంలో అన్నిటికంటే ముందుకు ఉండేది ముక్కే. పిల్లవాడు మెట్ల మీద పడినా, బంతి తగిలినా, బండి మీద నుంచి జారినా మొదటి దెబ్బ దానికే. ముఖంలోని ఎముకల్లో ఎక్కువగా విరిగేది కూడా ముక్కు ఎముకే.

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. నేను నర్సుగా చేరిన కొత్తలో వేరే ఊళ్లో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేసేదాన్ని. ఒక సాయంత్రం ఒక తల్లి 8 ఏళ్ల బాబును తీసుకొచ్చింది. క్రికెట్ బంతి ముక్కుకు తగిలింది. వచ్చేసరికి రక్తం ఆగిపోయింది. ముక్కు వంకరగా లేదు. ముఖం తుడిచి, "ఏం ఫర్వాలేదమ్మా, తీసుకెళ్లండి" అన్నాను. టార్చి వేసి ముక్కు లోపల చూడలేదు. డాక్టరుగారికి చూపించలేదు. ఏ గుర్తులు కనిపిస్తే మళ్లీ రావాలో చెప్పలేదు.

నాలుగో రోజు ఆ బాబు జ్వరంతో, నోటితో గాలి పీలుస్తూ వచ్చాడు. ముక్కు లోపల చీము పట్టింది. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ చీము తీశారు. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ, ముక్కు దూలం మధ్యలో నొక్కుకుపోయింది. ఆ తల్లి నన్ను తిట్టలేదు. "ఒక్క మాట చెప్పి ఉంటే మర్నాడే తీసుకొచ్చేదాన్ని కదా సిస్టర్" అంది. ఆ మాట ఆవిడకు చెప్పలేకపోయాను. అందుకే ఈ రోజు మీకు చెబుతున్నాను.

లోపల ఏం జరుగుతుంది?

ముక్కు పై భాగం గట్టి ఎముక. కింది భాగం చెవి డొప్పలాగా వంగే మెత్తటి ఎముక. రెండు రంధ్రాల మధ్య ఉన్న గోడ కూడా ముందువైపు మెత్తటి ఎముకే. దీనికి సొంతంగా రక్తనాళాలు లేవు. దాన్ని అంటిపెట్టుకుని ఉన్న పల్చటి పొర నుంచే పోషణ అందాలి. దెబ్బ తగిలినప్పుడు ఆ పొరకూ ఎముకకూ మధ్య రక్తం గడ్డకడితే పోషణ ఆగిపోతుంది. 2, 3 రోజుల్లోనే ఆ మెత్తటి ఎముక పాడవుతుంది, చీము కూడా పట్టవచ్చు. బయటికి రక్తం రాకపోవచ్చు, ముక్కు తిన్నగానే కనిపించవచ్చు. మనం మోసపోయేది ఇక్కడే. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఇంట్లో చేయవలసినవి

1. కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచండి. వెనక్కి వాల్చకండి, పడుకోబెట్టకండి. వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి పోయి వాంతి అవుతుంది.
2. ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, 10 నుంచి 15 నిమిషాలు గడియారం చూసి ఆపండి. మధ్యలో వదిలి చూడవద్దు. నోటితో గాలి పీల్చమనండి. నోట్లోకి వచ్చిన రక్తాన్ని ఉమ్మమనండి.
3. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి ముక్కు మీద 10 నిమిషాలు ఉంచండి. ఐసును నేరుగా చర్మం మీద పెట్టకండి.
4. నొప్పికి పారాసిటమాల్ వయసుకు తగిన మోతాదులో ఇవ్వవచ్చు. ఆస్పిరిన్ ఇవ్వకండి, అది రక్తస్రావాన్ని పెంచుతుంది.
5. రాత్రి తల కింద ఎత్తు పెట్టండి. కొన్నాళ్లు ముక్కు గట్టిగా చీదనివ్వకండి.

కాఫీ పొడి, పసుపు ముక్కులో కూరకండి. ముక్కు లాగి సరిచేస్తామనే వారి చేతికి బిడ్డను అప్పగించకండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

• 15 నిమిషాలు గట్టిగా పట్టుకున్నా రక్తం ఆగకపోతే.
• రక్తం పల్చబడే మందులు వాడేవారికి దెబ్బ తగిలితే.
• ముక్కు అంతకంతకూ మూసుకుపోతుంటే, నొప్పి పెరుగుతుంటే, టార్చి వేసి చూస్తే మధ్య గోడ మీద ఎర్రగా గానీ నీలంగా గానీ మెత్తటి ఉబ్బు కనిపిస్తే. రక్తం ఆగిపోయింది కదా అని ఇంట్లో ఉండిపోకండి. తెల్లవారే దాకా కూడా ఆగవద్దు.
• దెబ్బ తగిలిన తర్వాతి రోజుల్లో జ్వరం వస్తే.
• ముక్కు నుంచి నీళ్లలాంటి పల్చటి ద్రవం కారుతుంటే. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు.
• స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మత్తుగా ఉన్నా, ఒకటి రెండుగా కనిపించినా, పళ్లు సరిగా కలవకపోయినా.
• చర్మం లోతుగా తెగితే. ధనుర్వాతం ఇంజక్షన్ అవసరమా అని కూడా అడగండి.

పెద్ద ప్రమాదమైతే 108కి ఫోన్ చేయండి.

ఈ గుర్తులేవీ లేకపోయినా ముక్కు వంకరపోయినట్టు అనిపిస్తే 3 నుంచి 5 రోజుల్లోపు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. అప్పటికి వాపు తగ్గి ఆకారం బాగా తెలుస్తుంది. ఎముకను సరిచేయాలంటే పెద్దవారికి సుమారు 2 వారాల్లోపు చేయాలి. పిల్లలకు ఎముక త్వరగా అతుక్కుంటుంది కాబట్టి ఇంకా ముందే రావాలి. ఆలస్యమైతే పెద్ద ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇంకో మాట: ముక్కుకు ఎక్స్‌రే తీయలేదని డాక్టరుగారి మీద అనుమానపడకండి. చాలాసార్లు చేత్తో, కంటితో చూసే పరీక్షే సరిపోతుంది. మెత్తటి ఎముక ఎక్స్‌రేలో కనిపించదు కూడా. "లోపల గోడ మీద వాపు ఉందా, చూశారా?" అని మాత్రం తప్పకుండా అడగండి. అలా అడిగితే మేమేమీ అనుకోము.

ఇంటికి వెళ్లాక ఈ మాటలు మీ పొరుగువారికి కూడా చెప్పండి. ఆ రోజు నేను చెప్పలేకపోయిన మాట మీ నోట ఇంకో తల్లికి చేరితే నాకదే సంతోషం.

మీవారు త్వరగా కోలుకుని ఇల్లు చేరాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.